యాక్సిడెంట్, అపఘాత్, ప్రమాదం: ఒక మాట వెనుక బాధ్యత చరిత్ర

చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా ప్రాంతాల్లో ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో మరాఠీ చదివే విద్యార్థికి ఒక మాట దగ్గర తికమక తప్పదు. ఇంట్లో ప్రమాదం అంటే బస్సు బోల్తాపడడం, గనిలో కప్పు కూలడం. మరాఠీ పాఠంలో 'ప్రమాద్' అంటే పొరపాటు, చేయవలసిన పనిలో దొర్లిన తప్పు. బస్సు బోల్తాపడితే మరాఠీవారు 'అపఘాత్' అంటారు, హిందీవారు 'దుర్ఘటనా' అంటారు. ట్రాన్స్‌ఫార్మర్ మీద పుర్రె బొమ్మ కింద మన ఊళ్లలో 'ప్రమాదం' లేదా 'అపాయం' అని రాస్తే, ఇక్కడ 'ధోకా' అని రాస్తారు. తెలంగాణ తెలుగులో దోకా అంటే మోసం. ఇన్ని మాటల మధ్య అందరి నోటా సులువుగా పలికేది మాత్రం యాక్సిడెంట్ అన్న ఇంగ్లీషు మాట.

ఇది పర్యాయపదాల పట్టికతో తీరే విషయం కాదని మేము భావిస్తున్నాము. అనుకోకుండా జరిగిన కీడుకు ఒక భాష పెట్టుకున్న పేరులో, ఆ కీడుకు ఎవరిని అడగాలన్న ఆలోచన కూడా దాగి ఉంటుంది. ఇంగ్లీషు మాట యాదృచ్ఛికతను చెబుతుంది. తెలుగు మాట పుట్టుకతో బాధ్యతను చెబుతుంది. రెండూ ఒకే అర్థంలో కలిసిపోయిన తీరును, దాని వల్ల కలిగిన లాభనష్టాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఈ పరిశీలనకు చంద్రపూర్ తగిన చోటు. పూర్వం చాందా అని పిలిచిన ఈ ప్రాంతాన్ని గోండు రాజులు, ఆ తరవాత నాగపూర్ భోంస్లేలు ఏలారు. 19వ శతాబ్ది మధ్యలో ఇది ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. ప్రాణహిత, గోదావరి కలిసే చోట ఉన్న సిరొంచ 1860లో నిజాం నుంచి వారికి సంక్రమించింది. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడేవరకు అది చాందా జిల్లాలోనే ఉండేది. వార్ధా నదికి ఆవలి ఒడ్డునున్న రాజురా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఆదిలాబాదు జిల్లా భాగం. 1929లో కాజీపేట - బల్లార్షా రైలు మార్గం పూర్తయ్యాక రాకపోకలు మరింత పెరిగాయి. భూమి కింద కూడా ఈ బంధం ఉంది. వార్ధా లోయ బొగ్గు, ప్రాణహిత - గోదావరి లోయ బొగ్గు ఒకే గోండ్వానా శిలల వరుసకు చెందినవి. వరోరా గని 1870వ దశకం నుంచి 1906 వరకు నడిచింది. నదికి దిగువన ఇల్లెందులో 1889లో తవ్వకం మొదలైంది. అదే తరవాత సింగరేణిగా విస్తరించింది. గనులున్న చోట యాక్సిడెంట్ అన్న మాట నిఘంటువులో ఉండిపోదు. అది రోజూ కాగితం మీదికి ఎక్కుతుంది.

ముందుగా ఇంగ్లీషు మాట పుట్టుక చూద్దాం. దీనికి మూలం లాటిన్‌లో పడు అనే అర్థమిచ్చే 'కాదెరె' అనే ధాతువు. మీద వచ్చి పడేది యాక్సిడెంట్. ఛాన్సు కూడా ఇదే ధాతువు నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చిన మాటే. రెండు సంగతులు ఒకేసారి వచ్చి పడితే కోయిన్సిడెన్స్. మన సంప్రదాయంలో దీనికి దగ్గరి బంధువు కాకతాళీయం. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలడమూ, తాటిపండు రాలడమూ ఒక్కసారే జరిగితే కాకి వల్లే పండు పడిందనుకోవడం తర్కం కాదని ఆ న్యాయం చెబుతుంది. రెండు సంస్కృతులూ యాదృచ్ఛికతను ఊహించుకోవడానికి పడిపోవడాన్నే ఎంచుకోవడం గమనించదగ్గ విషయం.

యూరపు తత్త్వశాస్త్రంలో యాక్సిడెంట్‌కు మరో అర్థం ఉంది. అరిస్టాటిల్ సంప్రదాయంలో ఒక వస్తువుకు ఉన్నా లేకపోయినా దాని తత్త్వం మారని గుణాన్ని ఈ పేరుతో పిలిచారు. బొగ్గుకు మండే గుణం ముఖ్యమైతే, అది ఫలానా బండిలో ఉండడం అముఖ్యం. లోకవ్యవహారంలో ఈ మాట మొదట 'జరిగిన సంగతి' అనే అర్థంలో, తరవాత 'అనుకోని సంగతి' అనే అర్థంలో, చివరకు 'అనుకోని కీడు' అనే అర్థంలో స్థిరపడింది. మూడు దశల్లోనూ చేసినవాడి ఊసు లేదు. వచ్చి పడింది, అంతే.

ఇప్పుడు మన మాట. అమరకోశం ప్రమాదానికి ఇచ్చిన అర్థం అనవధానత, అంటే అవధానం లేకపోవడం. అష్టావధానాలు, శతావధానాలు చూసిన తెలుగువారికి అవధానం అంటే ఏమిటో చెప్పనక్కర లేదు. ఎనిమిది వైపుల నుంచి ప్రశ్నలు వచ్చినా మనసు చెదరకపోవడం అవధానం. ఆ నిలకడ తప్పితే ప్రమాదం. అచ్చ తెలుగులో దీన్ని ఏమరుపాటు అంటాం, పరాకు అంటాం. విద్య ముగించుకొని వెళ్లే శిష్యుడికి తైత్తిరీయోపనిషత్తులో గురువు చెప్పే హితవులో ఈ ధాతువు పదే పదే వస్తుంది. సత్యం విషయంలో, ధర్మం విషయంలో, చదువు విషయంలో ఏమరవద్దని దాని సారాంశం. ధమ్మపదంలో రెండో వర్గం పేరు అప్పమాద వర్గం, అంటే ఏమరుపాటు లేకపోవడాన్ని గురించినది.

చంద్రపూర్ విద్యార్థులు ఈ పాత అర్థం కోసం గ్రంథాల దాకా వెళ్లనక్కర లేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించిన డాక్టర్ అంబేద్కర్, 16న చంద్రపూర్‌లో వేలాదిమందికి దీక్ష ఇచ్చారు. ఇక్కడి విహారాల్లో పాళీ భాషలో పఠించే పంచశీలాల్లో ఐదోది మత్తు పదార్థాలను విడవడం. వాటిని ఎందుకు విడవాలో కూడా ఆ వాక్యంలోనే ఉంది. అవి 'పమాద'కు, అంటే ఏమరుపాటుకు తావిస్తాయి. మన ప్రమాదమే అక్కడి పమాద. తెలుగులో అర్థం మారిపోయిన మాట, పొరుగు వీధి విహారంలో పాత అర్థంతో ఇంకా వినబడుతోంది.

తెలుగులో ఈ అర్థం ఎలా మారింది? మెట్టు మెట్టుగా చూస్తే తెలుస్తుంది. మొదట ఏమరుపాటు. తరవాత ఏమరుపాటు వల్ల వచ్చే కీడు. కారణం పేరు కార్యానికి రావడం భాషలో సహజమే. అటు తరవాత కీడు జరిగే అవకాశం. 'అక్కడికి వెళ్తే ప్రమాదం' అన్నప్పుడు ఇంకా ఏమీ జరగలేదు, జరగవచ్చని మాత్రమే అర్థం. ఈ చివరి మెట్టుకు వచ్చేసరికి మొదటి మెట్టు కనుమరుగైంది. పాత అర్థం సంస్కృత నానుడుల్లో మిగిలింది. బుద్ధిమంతులకైనా ప్రమాదం తప్పదని పాత గ్రంథాల పీఠికల్లో కనిపించే మాటకు అర్థం, వారికైనా పొరపాటు దొర్లుతుందని. ఈనాటి పాఠకుడు దాన్ని చదివి, మేధావులు కూడా రోడ్డు మీద జాగ్రత్తగా నడవాలన్నట్టు అర్థం చేసుకుంటే తప్పు అతనిది కాదు.

పాత అర్థం పోవడంతో ఖాళీ ఒకటి ఏర్పడింది. దాన్ని పూరించడానికి నిర్లక్ష్యం, అజాగ్రత్త అన్న మాటలు వచ్చాయి. 'డ్రైవరు నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగింది' అని పత్రికలు రాస్తాయి. పాత అర్థంలో చదివితే ఏమరుపాటు వల్ల ఏమరుపాటు జరిగిందన్నట్టు ఉంటుంది. బ్యాంకులో కట్టించుకునే ప్రమాద బీమా పాత అర్థంలో ఏమరుపాటుకు చేసిన బీమా అవుతుంది. ఇవి నవ్వుకోవడానికి బాగుంటాయి. 'ప్రమాదవశాత్తు' దగ్గర మాత్రం నవ్వు ఆగిపోతుంది. 'ప్రమాదవశాత్తు బావిలో పడి మృతి' అన్న వార్తలో ఈ మాట ఇప్పుడు 'అనుకోకుండా' అన్న అర్థమే ఇస్తుంది. బావికి గోడ లేకపోవడం గురించి ఆ వాక్యం ఏమీ అడగదు. పాత అర్థం తీసుకుంటే ఇంకా చిక్కు. ఏమరుపాటు చనిపోయినవాడి మీదికే వెళ్తుంది. ఎటు చదివినా గోడ కట్టవలసినవాడు వాక్యంలోకి రాడు.

మరాఠీ వైపు చూస్తే అపఘాత్‌లో ఘాతం ఉంది, దెబ్బ ఉంది. కొట్టింది ఏదో చెప్పకపోయినా, తగిలిన దెబ్బను ఆ మాట దాచదు. మహారాష్ట్ర పోలీసు రికార్డుల్లో అనుమానం లేని అసహజ మరణాన్ని 'అకస్మాత్ మృత్యూ' అని నమోదు చేయడం ఆనవాయితీ. 'కస్మాత్' అంటే దేని వల్ల. 'అకస్మాత్' అంటే దేని వల్లనో చెప్పలేనిది, కారణం తెలియనిది. మన తెలుగులో అకస్మాత్తు వేగానికి గుర్తుగా మారి, ఉన్నట్టుండి అన్న అర్థంలో నిలిచింది. పోలీసు రికార్డులో మాత్రం అది విచారణ మొదలయ్యే చోట నిలిచిన పేరు. ఆ పేరే విచారణ ముగింపుగా మారే అవకాశం కూడా లేకపోలేదు.

ఇక చట్టం. మెకాలే ముసాయిదా నుంచి రూపుదిద్దుకున్న 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 80వ సెక్షను యాక్సిడెంట్‌ను మినహాయింపుగా గుర్తించింది. గొడ్డలితో పని చేస్తుండగా దాని తల ఊడి ఎగిరి పక్కనున్నవాడు చనిపోతే, పనివాడి వైపు తగిన జాగ్రత్తలో లోపం లేకపోతే అది నేరం కాదని అందులో ఉదాహరణ ఉంది. 1870లో చేర్చిన 304-ఎ సెక్షను నిర్లక్ష్యం వల్ల మరణం కలిగించడాన్ని నేరంగా చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఇవి 18, 106 సెక్షన్లుగా ఉన్నాయి. ఇక్కడి తిరకాసు చూడండి. చట్టం దృష్టిలో జాగ్రత్తలో లోపం లేనప్పుడే అది యాక్సిడెంట్. అంటే పాత సంస్కృతార్థంలో ప్రమాదం లేనప్పుడే యాక్సిడెంట్. తెలుగులో మనం యాక్సిడెంట్‌కు పెట్టిన పేరు ప్రమాదం. ఇంగ్లీషులో ఎదురెదురుగా ఉన్న రెండు భావాలు తెలుగులో ఒకే కుర్చీలో కూర్చున్నాయి.

కార్మికుల విషయంలో కథ మరో మలుపు తిరిగింది. ఇంగ్లండులో 1837 నాటి ప్రీస్ట్లీ - ఫౌలర్ వ్యాజ్యం నుంచి ఒక సూత్రం బలపడింది. తోటి పనివాడి పొరపాటు వల్ల గాయపడితే యజమాని బాధ్యుడు కాడని దాని సారం. గనిలో, ఫ్యాక్టరీలో గాయపడినవాడు యజమాని తప్పును రుజువు చేయలేక వట్టి చేతులతో ఇంటికి వెళ్లేవాడు. జర్మనీ 1884లో, బ్రిటన్ 1897లో, మన దేశం 1923లో చేసిన చట్టాలు ప్రశ్ననే మార్చాయి. మన కార్మిక నష్టపరిహార చట్టం తప్పు ఎవరిదని ముందుగా అడగలేదు. పనిలో, పని కారణంగా యాక్సిడెంట్ జరిగిందా అని అడిగింది. మత్తులో ఉండడం, భద్రతా నియమాన్ని కావాలని ధిక్కరించడం వంటి మినహాయింపులు పెట్టింది. ఐదో శీలం హెచ్చరించిన పమాద ఇక్కడ సెక్షనుగా కనిపిస్తుంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడ్‌లో ఈ చట్టాన్ని కలిపివేశారు.

1903లో ఇంగ్లండు ప్రభువుల సభ ఫెంటన్ - థార్లీ వ్యాజ్యంలో ఈ మాటకు విశాలమైన అర్థం చెప్పింది. చక్రం తిప్పబోయి హెర్నియాకు గురైన కార్మికుడికి జరిగింది యాక్సిడెంట్ కాదని కింది కోర్టు అంది. ఎదురుచూడనిది, ఎవరూ తలపెట్టనిది అయిన కీడు ఏదైనా యాక్సిడెంటేనని ప్రభువుల సభ తేల్చింది. ఆ అర్థంతో అతనికి పరిహారం వచ్చింది. కాబట్టి చేసినవాడి ఊసు లేని ఇంగ్లీషు మాట ఎప్పుడూ బలవంతుడికే మేలు చేసిందనుకోవడం సరికాదు. ఎవరి తప్పో తేల్చలేని చోట, ఆ మాటే పేదవాడి ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చింది.

అయితే పరిహారం వేరు, కారణం వేరు. గనుల భద్రతను చూసే డైరెక్టరేటు జనరల్ 1902లో కలకత్తాలో చిన్న తనిఖీ కార్యాలయంగా మొదలై, తరవాత ధన్‌బాద్‌కు మారింది. ప్రాణం తీసిన యాక్సిడెంట్లకు ఎవరు బాధ్యులని ఆ సంస్థ వేసిన పట్టికల్లో యాజమాన్యం, పర్యవేక్షకులు, తోటి పనివారు, మృతుడు అన్న పద్దులతోపాటు 'మిస్‌అడ్వెంచర్' అన్న పద్దు కూడా ఉంది. ఎవరి తప్పూ కాదు, దురదృష్టం అని దాని తాత్పర్యం. గని లెక్కల్లో అదృష్టానికి కూడా ఒక గడి కేటాయించారన్నమాట. ఆ గడిలో ఏ మరణాన్ని వేయాలన్నది నిఘంటువు చెప్పదు, విచారణ చెప్పాలి.

1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్నాలా గనిలోకి పాత తవ్వకాల్లో నిలిచిన నీరు విరుచుకుపడి 370 మందికి పైగా మరణించారు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీరు ముంచెత్తి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరు 16న అక్కడి 8ఎ గనిలో కప్పు కూలి 10 మంది చనిపోయారు. నీరు పల్లానికి పోతుంది. ఆధారం చాలని కప్పు దిగుతుంది. ఇవి కాకతాళీయాలు కావు. పాత తవ్వకాల పటాలు సరిగ్గా ఉంచడం, మధ్య గోడ మందం కొలవడం, కప్పుకు ఊతాలు పెట్టడం అవధానంతో చేయవలసిన పనులు. ఏ గనిలో ఎవరు ఏమరారన్నది విచారణ సంఘాలు తేల్చే విషయం. అడగవలసిన ప్రశ్న మాత్రం మన మాట మూలంలోనే ఉంది.

ఇంగ్లీషు లోకం కూడా ఈ ప్రశ్న దగ్గరికి ఆలస్యంగా వచ్చింది. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2001లో తన పేజీల్లో యాక్సిడెంట్ అన్న మాటను వాడబోమని ప్రకటించింది. గాయాలలో ఎక్కువ భాగం ముందుగా ఊహించదగినవి, నివారించదగినవి అన్నది వారి వాదన. అమెరికాలో అసోసియేటెడ్ ప్రెస్ 2016లో తన విలేఖరులకు ఒక సూచన చేసింది. నిర్లక్ష్యం ఉందన్న ఆరోపణ గానీ రుజువు గానీ ఉన్నప్పుడు, బాధ్యుడిని తప్పించే మాటగా వినబడగల యాక్సిడెంట్‌ను వాడవద్దని ఆ సూచన. మన ప్రమాదం ఎక్కడ మొదలైందో, వారు అటువైపు నడుస్తున్నారు. మనం వారు బయలుదేరిన చోటికి చేరుకున్నాం.

అయినా వ్యవహార భాష పండితులకంటే తెలివైనది. 'ప్రమాదం జరిగింది' అంటాం గానీ 'ప్రమాదం చేశాడు' అనం. అరువు తెచ్చుకున్న ఇంగ్లీషు మాటను మాత్రం 'లారీవాడు యాక్సిడెంట్ చేసి పారిపోయాడు' అని నిస్సంకోచంగా వాడుతాం. ఇంగ్లీషు వ్యాకరణం ఒప్పుకోని ఈ వాక్యంలో యాక్సిడెంట్‌కు కర్త దొరికాడు. ప్రమాదం పోగొట్టుకున్న బాధ్యతను జనం యాక్సిడెంట్‌కు అంటగట్టారు. ఛాన్సు విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. తెలుగులో ఛాన్సు ఎక్కువగా ఎవరో ఇచ్చేది, ఎవరికో దొరికేది. మన వాడుకలో యాదృచ్ఛికత కూడా మనుషుల చేతుల మీదుగానే వస్తుంది. మరోవైపు గండం, నీటిగండం వంటి మాటలు కీడును జాతకంలో ముందే రాసిపెట్టి, ఎవరినీ అడగనక్కర లేకుండా చేస్తాయి. రెండు ధోరణులూ మనలో ఉన్నాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మాట మూలం దాని నేటి అర్థాన్ని శాసించదు. పిడుగు పడి చనిపోయిన రైతు విషయంలో ప్రమాదం అన్నంత మాత్రాన ఎవరో ఏమరారని వాదించడం కుతర్కం. నిజంగా వచ్చి పడే కీడులు లోకంలో ఉన్నాయి. వాటికి ఒక పేరు కావాలి. మా ఉద్దేశం ప్రమాదాన్ని పాత అర్థానికి వెనక్కి లాగాలని కాదు. ఒకే మాట రెండు పనులు చేస్తున్నప్పుడు, ఏ పని చేస్తోందో రాసేవాడికి తెలిసి ఉండాలని మాత్రమే.

తెలుగునాటికి వెలుపల చదువుకునే విద్యార్థులకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. ఒకే భాషలో పెరిగినవాడికి మాట గాజు పలకలాంటిది, దాని గుండా చూస్తాడు గానీ దాన్ని చూడడు. ప్రమాద్, ప్రమాదం పక్కపక్కన వినేవారికి ఆ గాజు కనబడుతుంది. రేపు వీరిలో కొందరు గని ఆఫీసులో, కోర్టులో, ఆసుపత్రిలో, పత్రికలో పని చేస్తారు. తెలుగు కుటుంబం చెప్పినదాన్ని మరాఠీ కాగితం మీదికో, ఇంగ్లీషు ఫారం మీదికో ఎక్కిస్తారు. 'కప్పుకు ఊతం లేదని ముందే చెప్పారు, అయినా దింపారు' అని ఇంటివారు చెప్పినప్పుడు, అనువాదకుడు 'అకస్మాత్' అని ఒక్క మాట రాస్తే ఆ రెండు వాక్యాలూ పోతాయి. పరిహారం కోసం యాక్సిడెంట్ అన్న మాట అవసరమైతే అది రాయాలి. దానితోపాటు ఏం జరిగింది, ఎవరు ఎక్కడ ఉన్నారు, ఏ జాగ్రత్త తీసుకోలేదు అన్నవి వేరే వాక్యాలుగా రాయాలి. మొదటిది కుటుంబానికి రావలసిన డబ్బు కోసం. రెండోది మర్నాడు అదే గనిలోకి దిగేవారి కోసం.